కొంగ బొమ్మ ఉన్న టై

నా చిన్నప్పుడు మా వీధిలో టై కట్టుకుని బయటికి వెళ్ళే పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. టై అంటే మా బడి పిల్లల మెడలో ఉండేది, లేదా మా అంగడి బీరువాలో వేలాడేది. మా నాయనకు బెంగళూరు దండు, అదే కంటోన్మెంట్, ప్రాంతంలో ఒక చిన్న లాండ్రీ ఉండేది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె, గోడకు ఆనించిన అద్దాల బీరువా, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. వెనక రెండు గదుల్లో మా కాపురం. మా తాతల కాలంలోనే సరిహద్దు పల్లె విడిచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగడికి వచ్చే దొరబాబులతో మా నాయనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు. అలా సాగిపోయేది.

మా నాయనకు ఒక నియమం ఉండేది. బీరువాలో ఉన్న గుడ్డ మనది కాదు, దాని మీద మన నీడ కూడా పడకూడదు అనేవాడు. ఒక చలికాలం ఉదయం ఎవరిదో శాలువా నేను భుజాన కప్పుకున్నాను. మా నాయన నన్నేమీ అనలేదు. ఆ శాలువా తీసుకుని మళ్ళీ మొదటి నుంచి ఉతికి, ఆరేసి, మడతపెట్టాడు. ఆయన అలా ఉతుకుతుంటే చూడటం కంటే రెండు దెబ్బలు తినడమే నయమనిపించింది. ఆ తర్వాత బీరువా తలుపు నేను ముట్టుకోలేదు, పదకొండో ఏట వచ్చిన వేసవి సెలవుల వరకు.

ఆ వేసవిలో బీరువాలో ఒక టై వేలాడుతూ ఉండేది. ముదురు మెరూన్ రంగు పట్టు. కింది భాగంలో ఎవరో చేత్తో రంగులు వేసిన తెల్ల కొంగ, ఒంటికాలి మీద నిలబడి నీళ్ళలోకి చూస్తున్నట్టు. అలాంటిది ఇంకొకటి నేను ఎక్కడా చూడలేదు. దాని యజమానిని మేం పెద్దసారు అనేవాళ్ళం. పీణ్య వైపు ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. తక్కువ మాట్లాడే మనిషి. మాతో మాత్రం తెలుగులోనే మాట్లాడేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్ళ అన్నగారు రంగూన్ నుంచి పంపిన టై అట అది. కాఫీ ఒలికిందని తెచ్చి ఇచ్చారు. మా నాయన దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి పెట్రోలుతో మరక తీశాడు. గాలికి ఆరేశాడు. తర్వాత టై లోపలికి పొడుగాటి అట్టముక్క దూర్చి, పైన తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెను ఆనించీ ఆనించనట్టు ఆవిరి పట్టించాడు. అట్ట లేకుండా నేరుగా ఇస్త్రీ చేస్తే లోపలి కుట్టు అచ్చు పైకి తేలుతుందట. పాత పట్టును పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు చూసుకోవాలని ఆయన నమ్మకం.

ఇక మా పక్కింటి అన్న గురించి చెప్పాలి. వాళ్ళమ్మ అగరుబత్తీలు చుట్టే పనికి పోయి అతన్ని డిప్లొమా దాకా చదివించింది. పగలంతా కాలేజీలో ఉండేవాడు కాబట్టి మా అంగడికి వచ్చే సార్లెవరూ అతనికి తెలియదు. నాకు లెక్కలు చెప్పింది ఆ అన్నే. భిన్నాలంటే ఏడ్చేదాన్ని. దోసెను నాలుగు ముక్కలు చేసి, అందులో ఒకటి తను తినేసి, నాకు భిన్నం నేర్పాడు. వాళ్ళింట్లో ఇంకొక మనిషి వాళ్ళ తాత. గూడ్స్ షెడ్డులో యాభై ఏళ్ళు మూటలు మోసి, ఒంట్లో సత్తువ తగ్గాక మానేశాడు. నడుముకు పంచె, భుజాన తువ్వాలు తప్ప ఒంటి మీద ఇంకేమీ ఉండేది కాదు. రోజంతా గడప మెట్టు మీద కూర్చుని వీధిని చూసేవాడు. నేను అటు పోతే చాలు, ఏం తిన్నావని అడిగేవాడు.

అన్నకు ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. పీణ్యలోని ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాళ్ళమ్మ పట్టుబట్టి కొత్త బట్టలు కుట్టించింది. అప్పటి ఫ్యాషన్ ప్రకారం కాఫీపొడి రంగు బెల్‌బాటం ప్యాంటు, ఏనుగు చెవులంత కాలరు ఉన్న నీలం చొక్కా. ఆ ఉదయం మా నాయన బట్టల మూటతో ధోబీఘాట్‌కు పోయాడు. అమ్మ వెనక వంటలో ఉంది. అంగట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అన్న వచ్చి చొక్కా చేయి ఒకటి నలిగింది, కొంచెం ఇస్త్రీ చేసుకుంటానన్నాడు. చేసుకుని తొడుక్కుని, మా అద్దంలో చూసుకుంటూ ఖాళీ కాలరును మాటిమాటికీ తడుముకున్నాడు. టై లేకపోతే తలుపు దగ్గరే తిప్పి పంపేస్తారని ఎవరో స్నేహితుడు చెప్పాడట. ఆ మాట చెబుతుంటే అతని గొంతు సన్నబడింది. నాకు భిన్నాలు నేర్పిన మనిషి గొంతు అలా సన్నబడటం నేను తట్టుకోలేకపోయాను. వెళ్ళి బీరువా తలుపు తీశాను.

"వద్దు పాపా. మీ నాయనకు తెలిస్తే అంతే," అన్నాడు అన్న.

"సాయంత్రానికి తెచ్చిచ్చెయ్యన్నా. సారుకిచ్చే తారీకు చీటీలో ఎల్లుండికి ఉండాది. ఎవురికీ తెలీదు," అన్నాను.

అన్న ఇంకోసారి వద్దన్నాడు. ఆ రెండోసారి 'వద్దు' లో మొదటిదాంట్లో ఉన్నంత బలం లేదు. అది నాకు పదకొండేళ్ళకే అర్థమైంది.

అతనికి టై కట్టుకోవడం రాదు. నాకు వచ్చు. మా బడిలో రోజూ కట్టుకునేవాళ్ళం. నాకు తెలిసిన ముడి ఆ ఒక్కటే. అన్న మోకాళ్ళు వంచి నా ఎత్తుకు వచ్చాడు. కొత్త చొక్కాకు ఆ పాత టై ఎలా ఉంటుందోనని నాకు లోపల భయంగానే ఉంది. కానీ కట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూస్తే నా భయం పోయింది. పాతకాలపు టైలు వెడల్పుగా, పొట్టిగా ఉండేవి. ఆ వెడల్పు అంత పెద్ద కాలరుకు సరిగ్గా ఒదిగింది. బెల్‌బాటం ప్యాంటు నడుము పైకి ఉండేది కదా, టై కొన సరిగ్గా బెల్టు దగ్గర ఆగింది. నీలం మీద మెరూన్, దాని మీద తెల్ల కొంగ. అన్న అద్దంలో తనను తాను గుర్తుపట్టనట్టు నిలబడిపోయాడు.

ఇప్పుడు మా కూతురి కొడుకు ఇలాంటి టైలనే ఆదివారం సంతల్లో ఏరుకొస్తాడు. వాడికి ఈమధ్యే వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది. లినెన్ చొక్కా, మడమ దగ్గర మడిచిన జీన్సు, తెల్ల బూట్లు, మధ్యలో ఎవరో ముసలాయన ఎప్పుడో కట్టుకున్న టై. అమ్మమ్మా, పాత టై పొట్టి కాబట్టి ప్యాంటు నడుము పైకి ఉండాలి, లేకపోతే జోకరులా ఉంటాం అని నాకు పాఠం చెబుతాడు. నాకు తెలుసురా అని మాత్రం అంటాను. ఆ టైల మరకలు తీసిపెట్టేది కూడా నేనే. కానీ నాకు ఎలా తెలుసో వాడికి ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజంతా నేను వీధి వైపే చూస్తూ గడిపాను. మధ్యాహ్నం మా నాయన తిరిగొచ్చాడు గానీ బీరువా వైపు పోలేదు. ఇస్త్రీ పని ఎక్కువగా ఉంది. నాలుగు దాటాక పెరట్లో ఆరిన బట్టలు తీయడానికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే అన్న వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. టై మెడలో లేదు. ముడి విప్పడం చేతకాక, తల మీదుగా తీసి కాగితంలో చుట్టుకొచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చిన చెమటకు పట్టు ముడి బిగుసుకుపోయింది. నేను గోళ్ళతో లాగుతుంటే అన్న గుసగుసగా చెప్పుకుపోయాడు. లోపల ముగ్గురు కూర్చున్నారట. అడిగినవాటికన్నింటికీ జవాబులు చెప్పాడట. నడిమధ్య కూర్చున్నాయన చివరి దాకా ఏమీ అడగలేదట.

"లేసి వస్తా ఉంటే అడిగినాడు పాపా, ఆ టై చానా బాగుండాది, యాడిది అని. మా తాతది సార్ అన్నా. మీ తాతకు మంచి అభిరుచి ఉండింది అన్నాడు!"

ఇద్దరం నోరు మూసుకుని నవ్వాం. అసలు తాత పదడుగుల దూరంలో, గడప మెట్టు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా కూర్చుని ఉన్నాడు. అప్పుడు నాకది తప్పనిపించలేదు. తమాషాగా ఉంది, అంతే.

నవ్వుతుండగానే గుమ్మంలో నీడ పడింది. తలెత్తి చూస్తే పెద్దసారు.

అన్న ముఖంలోంచి రక్తమంతా ఎవరో తోడేసినట్టయింది. అతను ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది, నడిమధ్య కూర్చున్నది ఎవరో. నా చేతులు వాటంతట అవే టైతో సహా వీపు వెనక్కి పోయాయి. పెద్దసారు అన్నను ఒకసారి చూశారు. గుర్తుపట్టినట్టు గానీ పట్టనట్టు గానీ ముఖంలో ఏమీ లేదు. చేయి తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చిన మా నాయనతో మామూలుగా అన్నారు, "చీటీకి ఇంకా రెండు దినాలుండాది గానీ, ఆ టై ఈ పొద్దే కావాల్సొచ్చిందప్పా."

"మొన్ననే అయిపోయిండాది సార్, కూర్చోండి," అంటూ మా నాయన బీరువా దగ్గరికి పోయాడు.

హ్యాంగరు ఖాళీగా ఊగుతోంది. మా నాయన దాన్ని చూసి, పక్క హ్యాంగర్లు జరిపాడు. కింది అర చూశాడు. మడతపెట్టిన చొక్కాల మధ్య చేయి పెట్టాడు. ఇస్త్రీ బల్ల కింద వంగాడు. మా నాయన అంగట్లో ఏదైనా వెతకడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం. ఏ ఇంటి చొక్కా ఏ మూలన ఉందో కళ్ళు మూసుకుని తీసే మనిషి. ఆయన మెడ మీద చెమట పట్టింది. "ఒక్క నిమిషం సార్," అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాడు. పెద్దసారు బెంచీ మీద కదలకుండా కూర్చున్నారు. మా నాయన అలా వెతుకుతుంటే నేను చూడలేకపోయాను.

వీపు వెనక నుంచి చేయి ముందుకు తెచ్చాను. "నేనే ఇచ్చినా నాయనా. అన్న వద్దన్న్యాడు. నేనే కట్టినా," అన్నాను. ముడితో సహా ఆ టై నా చేతిలో ఉరితాడులా వేలాడుతోంది.

మా నాయన నన్ను చూశాడు. టైని చూశాడు. అన్నను చూశాడు. చేయి లేస్తుందనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే మా నాయన నా వైపు లేడు. పెద్దసారు ముందు రెండు చేతులూ జోడించి, నడుము దాకా వంగి నిలబడి ఉన్నాడు.

"అంగడి నాది సార్. తప్పు నాదే. మీరేమన్నా పడతా," అన్నాడు.

ఎంత పెద్ద అధికారి వచ్చినా మా నాయన నమస్కారం పెట్టి నిటారుగా నిలబడే మాట్లాడేవాడు. ఆయన వీపు అలా వంగుతుందని నేను అంతవరకు ఎరగను. దాన్ని వంచింది నేను.

"పాప చిన్నది సార్. కట్టుకోని పోయింది నేను," అన్నాడు అన్న. ఆ మాట అనడానికి అతనికి ఎంత బలం కావాల్సి వచ్చిందో, పక్కన నిలబడ్డ నాకు తెలుస్తోంది.

పెద్దసారు మా నాయన చేతులు పట్టుకుని దించారు. తర్వాత నా చేతిలోంచి టై తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పడం మొదలుపెట్టారు. నేను లాగినట్టు లాగలేదు. ముడిని రెండు బొటనవేళ్ళతో మెల్లగా నొక్కుతూ, వెనక కొనను కొద్దికొద్దిగా పైకి తోశారు. "పాత పట్టును లాగితే చిట్లుతాది పాపా. తోసి తియ్యల్ల," అన్నారు నాతో. నన్ను చూసి ఆయన అన్నది అదొక్కటే. ముడి విడిపోయింది.

తర్వాత అన్న వైపు తిరిగారు.

"నువ్వు లోపలికి వస్తానే నాకు తెలిసింది, నా టై అని. కోపం రాలేదప్పా. నిజం చెప్తే ముచ్చటేసింది. ఆ కాలరుకి, ఆ ప్యాంటుకి అది అంత బాగుంటాదని నాకే తెలీదు. అందుకే అడిగినా యాడిదని. ఎవురో ఇచ్చినారు సార్, ఒక దినానికి అని చెప్పింటే నవ్వేసి ఊరుకుందును. మీ తాతదంటివే. ఎవురప్పా మీ తాత?"

"గూడ్స్ షెడ్డులో మూటలు మోసినాడు సార్. ఆయన చొక్కా గూడా వేసుకోడు," అన్నాడు అన్న నేల చూస్తూ.

"ఉండాడా?"

అన్న చేయి పక్కింటి వైపు లేచింది.

"పిలుచుకోని రా."

ఆ మాట వినగానే అన్న ముఖంలో కనిపించిన భయం నాకింకా గుర్తుంది. పెద్దసారును చూసినప్పుడు కూడా అతను అంత భయపడలేదు. కానీ వెళ్ళాడు. తాత భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, ఎందుకు పిలిచారో తెలియక అందరి ముఖాలూ చూస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మూటలు ఆనిన చోట భుజం కాయ కట్టి, నల్లగా నున్నగా మెరుస్తోంది. పెద్దసారు బెంచీ మీంచి లేచి నిలబడ్డారు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పారు. కోపం లేకుండా, దాచకుండా, ఇంటి విషయం ఇంటి పెద్దకు చెప్పినట్టు చెప్పారు. చివర్న టై తాత చేతిలో పెట్టారు.

తాత దాన్ని వెలుతురు వైపు తిప్పి కొంగను చూశాడు. "ఇది నాదన్న్యాడా వీడు?" అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మనవడు తన వైపు చూడటం లేదని అప్పుడే గమనించాడు. తన ఒంటి మీద చొక్కా లేని సంగతి కూడా ఆ క్షణంలోనే గుర్తొచ్చినట్టు తువ్వాలు రెండో భుజం మీదికి లాక్కున్నాడు. ఆ ఒక్క లాగడంతో మా అందరికీ అర్థమైంది, ఆ రోజు ఎవరి వస్తువు పోయిందో.

పెద్దసారు కూడా అది చూసినట్టున్నారు. ఆయన గొంతు మెత్తబడింది. "తాతా, ఆ ఉద్యోగం నేనియ్యలేను. అది స్టోరు పని. పదిమంది సామాను ఒకడి చేతిలో పెట్టే పని. గానీ వాడు చెప్పిన మాటను నిజం చెయ్యగలను. ఈ టై మీరే ఉంచుకోండి. ఇంక వాడు ఎవురికి చెప్పినా అది మా తాతదనే మాట నిజమే అయితాది."

మా నాయన దిగ్గున తలెత్తాడు. రంగూన్ నుంచి వచ్చిన టై. ఒక చిన్న మరకకే తెచ్చి, జాగ్రత్తలు చెప్పి వెళ్ళిన మనిషి. నాకైతే నమ్మకం కుదరలేదు. బాగైపోయింది, అంతా బాగైపోయింది అనుకున్నాను. తాత తీసుకుంటాడనే అనుకున్నాను.

తాత టైని రెండు చేతుల్లో పెట్టుకుని పెద్దసారు ముందుకు చాచాడు.

"వద్దప్పా. ఇది నేను తీసుకుంటే వాడన్నదే నిజమైపోతాది. అప్పుడింక వాడికి సిగ్గు యాడుంటాది? ఆ అబద్ధం వాడి దగ్గిరే ఉండనీ. కొన్నాళ్ళు మొయ్యనీ. నేను యాభై ఏండ్లు మోసినా. బరువు మోస్తే ఎవురూ చెడిపోరు."

ఇచ్చిన బహుమతిని చదువురాని మూటల మనిషి ఒకరు అలా వెనక్కి ఇస్తారని పెద్దసారు ఊహించి ఉండరు. మెల్లగా చేయి చాచి టై తీసుకున్నారు. అన్న గుమ్మం మెట్టు మీద కూలబడి ముఖం దాచుకున్నాడు. తాత అతని పక్కన నిలబడి, భుజాన ఉన్న తువ్వాలు తీసి చేతికిచ్చి, ముఖం తుడుచుకోమన్నాడు. మళ్ళీ ఖాళీ ఒంటితోనే, నిటారుగా నిలబడ్డాడు. ఈసారి ఏమీ కప్పుకోలేదు.

పెద్దసారు టైతో వెళ్ళిపోతారనుకున్నాం. ఆయన దాన్ని ఇస్త్రీ బల్ల మీద పెట్టారు. "ముడి మడతలు పడినాయి. మళ్ళీ ఇస్త్రీ చేసి పెట్టప్పా. చీటీలో తారీకుకే వస్తా," అన్నారు. చీటీ జేబులో పెట్టుకుని దిగి వెళ్ళిపోయారు.

మా నాయన ఆయన వీధి మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచాడు. ఇప్పుడు పడతాయి దెబ్బలు అనుకుంటూ పోయాను. ఆయన అట్టముక్క నా చేతికిచ్చాడు. "దూర్చు," అన్నాడు. దూర్చాను. తడిగుడ్డ పరిచాను. ఇస్త్రీపెట్టె నాకు బరువు, అందుకని ఆయన చేయి నా చేతి మీద వేసి పట్టుకున్నాడు. ఆనించీ ఆనించనట్టు ఆవిరి పట్టించాం. ముడి మడత ఒకటి ఎంతకీ పోలేదు. నాలుగుసార్లు తడిపాం. ఆవిరిలో ఆయన కళ్ళలో నీళ్ళు కనిపించాయి. ఆవిరికేనేమో అనుకోవడానికి ప్రయత్నించాను.

"మళ్ళా మన అంగట్లోనే పెట్టి పోయినాడు సారు. చూసినావా?" అన్నాడు. ఆ విషయం మీద మా నాయన నాతో మాట్లాడింది జీవితం మొత్తానికి ఆ ఒక్క మాటే.

అన్నకు ఆ ఉద్యోగం రాలేదు. కొన్ని నెలలు అతను మా గుమ్మం ముందు నుంచి తలొంచుకుని పోయేవాడు. తర్వాత పీణ్యలోనే ఇంకొక మెషిన్ షాపులో పని కోసం పిలుపు వచ్చింది. అదే నీలం చొక్కా వేసుకుని, టై లేకుండా, కాలరు గుండీ విప్పుకుని వెళ్ళాడు. ఇంటి సంగతి అడిగినప్పుడు అమ్మ కంటే ముందు తాత గురించి చెప్పాడట, గూడ్స్ షెడ్డులో మూటలు మోసేవాడని. ఆ పని దొరికింది. అక్కడే ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాడు. మొదటి నెల చివర్న తాతకు చొక్కా తెచ్చాడు. తాత దాన్ని ఒక పూట తొడుక్కుని, ఉక్కగా ఉందని విప్పేశాడు. అన్న నవ్వాడు. ఆ నవ్వు విని మా నాయన కూడా ఇస్త్రీ ఆపి నవ్వాడు.

పెద్దసారు ఎప్పటిలాగే వచ్చేవారు. ఒకటి మాత్రం మారింది. టైలు తెచ్చినప్పుడు మా నాయనకు కాకుండా నా చేతికి ఇచ్చేవారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. కాడుగోడిలో మా కూతురి దగ్గర ఉంటున్నాను. ఆ సాయంత్రం నాకు ఒక అలవాటు అంటించిపోయింది, ఎంత వదిలించుకుందామన్నా పోదు. ఎవరైనా నా ఒంటి మీది వస్తువు బాగుందంటే, సంతోషపడకముందే అది ఎవరిదో నోట్లోంచి వచ్చేస్తుంది. మొన్న చందాపురలో ఒక పెళ్ళిలో, పెళ్ళికొడుకు తల్లి నలుగురి ముందు నా గొలుసు పట్టుకుని ఎంత బాగుందో అంది. మా చెల్లెలిదమ్మా, రేపు ఇచ్చెయ్యాలి అన్నాను. పక్కనున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా కూతురు కనబడకుండా నా చేయి గిల్లింది. ఇంటికొచ్చాక, అంత నిజం ఎవరడిగారమ్మా నిన్ను అని కోప్పడింది. నిజమే, ఎవరూ అడగలేదు. కానీ నాది కాదని చెప్పాల్సిన చోట నోరు మూసుకుంటే, ఎవరో ఒక పెద్దమనిషి ఎక్కడో తువ్వాలు భుజం మీదికి లాక్కుంటున్నట్టు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ వయసులో ఇంక ఆ అలవాటు మార్చుకోలేను. మార్చుకోవాలని కూడా లేదు.